గుంట మగ్గంలో నీళ్లు

2006వ సంవత్సరం, ఆగస్టు నెల. వనపర్తిలో ఒక మోటర్ల దుకాణంలో పంపులు బిగించే పనికి నేను కుదిరి అప్పటికి పదకొండేళ్లయింది. బోరు మోటర్లు దించేవాళ్లు ఆ రోజుల్లో ప్రతి ఊళ్లోనూ దొరికేవాళ్లు. సంప్ పంపులు, మురుగు పంపులు బిగించి నడిపించి ఇచ్చేవాళ్లు మాత్రం వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూల్ మూడు ఊళ్లకూ కలిపి ఇద్దరమో ముగ్గురమో ఉండేవాళ్లం. సంప్ అంటే నేలమట్టానికి కిందుగా కట్టిన గుంట. అందులో చేరిన ఊట నీళ్లనో వాన నీళ్లనో ఎత్తి బయట పోసేది సంప్ పంపు. మురుగు పంపూ చూడటానికి అలాగే ఉంటుంది. కానీ దాని లోపల తిరిగే చక్రం, మేం ఇంపెల్లర్ అంటాం, గుడ్డపేలికలూ చెత్తా అడ్డం పడకుండా దాటిపోయేటట్టు ఎడంగా ఉంటుంది. నన్ను ఎక్కువగా పిలిచేది హాస్టళ్లు, లాడ్జీలు, దవాఖానల వాళ్లు.

ఈ పనిలో ఒంటరితనం ఎక్కువ. పిలిచినప్పుడు అందరూ ముక్కుకు గుడ్డ అడ్డం పెట్టుకుని దూరంగా నిలబడి గుంట చూపిస్తారు. నీళ్లు కదిలాక ఎవరి పని మీద వాళ్లు పోతారు. సామాను సంచి ఎంత కడిగినా దాని వాసన దానికి ఉండేది, అందుకని బస్సులో నా పక్క సీటు చాలాసార్లు ఖాళీగానే పోయేది. నాకు అప్పటికి పెళ్లి కాలేదు. రెండు సంబంధాలు వచ్చి, నేను ఏం పని చేస్తానో విచారించుకుని వెనక్కి పోయాయి. వనపర్తిలో ఒక గది, ఒక స్టవ్వు. మూడు ఫేజులూ వస్తున్నాయా, ఫ్యూజు ఎక్కడుంది అని అడగడం తప్ప రోజంతా ఇంకో మాట మాట్లాడని దినాలు నాకు చాలానే ఉన్నాయి. అందుకేనేమో, గద్వాలలో చూసిన ఆ రెండు ఇళ్లు నాకు ఇప్పటికీ మరుపు రావు.

దుకాణానికి ఫోన్ చేసింది గద్వాలలో మగ్గాలు నేయించే ఒకాయన. నేతవాళ్లు ఆయన్ను మాస్టర్ అంటారు. పట్టూ జరీ ఆయనే ఇస్తాడు, నేసిన చీర ఆయనే తీసుకుంటాడు. తన దగ్గర నేసే ఒక ఆడమనిషి ఇంట్లో మగ్గం గుంటలోకి నీళ్లు ఊరుతున్నాయనీ, రెండు వానాకాలాల నుంచీ ఇదే తిప్పలనీ, ఇప్పుడు మగ్గం మీద పెండ్లి చీర ఉందనీ చెప్పాడు. మా సేటు నన్ను పొమ్మన్నాడు. మగ్గానికి సంప్ పంపు ఏమిటని నేను అడిగితే, పోయి చూడమన్నాడు.

పెబ్బేరు, ఎర్రవల్లి చౌరస్తా మీదుగా గద్వాల చేరేసరికి మధ్యాహ్నం అయింది. మాస్టర్ మనిషి ఒకడు నన్ను ఒక ఇరుకు గల్లీలోకి తీసుకుపోయి, తలుపు చూపించి వెళ్లిపోయాడు.

ఆమె పేరు శంకరమ్మ. యాభై అయిదు దాటి ఉంటాయి. ఒక్కతే ఉంటుంది. పెండ్లయిన మూడేళ్లకే భర్త పోతే పుట్టింటికి వచ్చి, అప్పటి నుంచీ ఈ మగ్గం మీదే బతికింది. ఇల్లంతా ఒక పెద్ద గది, వెనక వంటకు కొంచెం జాగా. గదిలో ముప్పాతిక భాగం మగ్గమే. గుంట మగ్గం అంటే నేలలో రెండున్నర అడుగుల గుంట తీసి, నేసే మనిషి అంచున కూర్చుని కాళ్లు లోపలికి దించి తొక్కుడు కర్రలు తొక్కే మగ్గం. ఆ గుంటలో జానెడు నీళ్లు నిలిచి ఉన్నాయి. ఆమె నాతో మాట్లాడుతూనే ఒక బొక్కెనతో తోడి పోస్తున్నది. పొద్దున ఒకసారి, పగటికి ఒకసారి, పొద్దుగూకే ముందు ఒకసారి తోడుతుందట. గుంటలోంచి పైకి వచ్చి కూర్చుంటే పాదాలు చూశాను. నాని, తెల్లబడి, వేళ్ల సందుల్లో చర్మం ఊడి ఉంది.

గద్వాల చీర నేయడానికి ఇద్దరు కావాలని నాకు ఆ రోజే తెలిసింది. నడుమ నూలు, అంచులు పట్టు. నూలుకూ అంచుకూ ప్రతి పోగు దగ్గరా ముడి కలవాలి. ఒకరు గుంటలో కూర్చుని నడిమి నాడె విసురుతుంటే, ఇంకొకరు పక్కన కూర్చుని అంచు నాడె అందించాలి. నాడె అంటే దారపు కండె ఉండే చిన్న పడవలాంటి చెక్క ముక్క. ఈమెకు ఆ రెండో మనిషి లేదు. ఒక్కతే నడిమి నాడె విసిరి, పక్కకు వంగి అంచు నాడె వేసి, మళ్లీ సర్దుకుని కూర్చునేది. ఇద్దరుంటే పది దినాల్లో అయ్యే చీర ఆమెకు నెల పడుతుంది. పక్కకు మనిషిని పెట్టుకోరాదా అని అడిగితే, ఆడపిల్లలు కొన్నాళ్లు వచ్చి బడికో అత్తగారింటికో పోయారని చెప్పింది. మొదట ఎవరు కూర్చునేవాళ్లని నేను అడగలేదు. ఆమె చెప్పలేదు.

నీళ్లు ఎక్కడివని అడిగితే, కాలువలు వచ్చిన తర్వాత భూమిలో నీళ్లు పైకొచ్చాయని అందరూ అంటున్నారని చెప్పింది. నేనూ అదే నమ్మాను.

పంపును మగ్గం గుంటలో పెట్టడానికి నాకు ధైర్యం చాలలేదు. మనిషి కాళ్లు పెట్టే చోట, తడిలో, కరెంటు యంత్రం ఉండకూడదు. గదికి ఒక పక్క రాతిగోడ ఉంది, బురదమట్టితో కట్టింది. ఆ గోడ మూలలో, మగ్గం గుంట కంటే ఇంకో అడుగున్నర లోతుగా వేరే గుంట తీస్తే, నీళ్లు పల్లానికి అక్కడ చేరతాయి, మగ్గం గుంట ఆరుతుంది. ఆ సాయంత్రం, మర్నాడు పొద్దున నేనే తవ్వాను. చుట్టూ రంధ్రాలు వేసిన ప్లాస్టిక్ డ్రమ్ము దించి, డ్రమ్ము బయట కంకర నింపాను. తవ్వుతుంటే ఒక సంగతి చూశాను గానీ పట్టించుకోలేదు. ఊట నేల అడుగు నుంచి రాలేదు. గోడ దిక్కు నుంచే వచ్చింది.

డ్రమ్ములోకి అర హార్స్‌పవర్ పంపు దించాను. దానికి ఫ్లోట్ స్విచ్ ఉంటుంది. నీళ్ల మీద తేలే బుర్ర అనుకోండి, నీటిమట్టంతో పైకి లేస్తే పంపు నడుస్తుంది, దిగితే ఆగుతుంది. పైపులో ఎన్.ఆర్.వి. వేశాను, ఎత్తిన నీళ్లు వెనక్కి జారకుండా ఆపే కవాటం అది. ఇంటి వెనక బొగ్గూ ఉప్పూ వేసి ఎర్తింగ్ పెట్టి, మీటరు పక్కన ఇ.ఎల్.సి.బి. బిగించాను. కరెంటు ఎక్కడన్నా కారితే రెప్పపాటులో సరఫరా ఆపేస్తుంది. ఆమెకు ఆ డబ్బా చూపించి, ఇది ఆపిందంటే మళ్లీ నీ చేత్తో వెయ్యొద్దు, దుకాణానికి ఫోన్ చేయించు అని రెండుసార్లు చెప్పాను. ఆమె నా నోటినే చూస్తూ విన్నది. ఇంటికి వచ్చి అంతసేపు మాట్లాడిన మనిషి ఈ మధ్య ఎవరూ లేరని ఆ చూపుతోనే తెలిసింది.

పంపు బిగించడం సగం పనే. నడిపించి చూడటం మిగతా సగం. మా పనిలో ఒక పద్ధతి ఉంది. గుంట నిండి, పంపు నడిచి, ఖాళీ అయి, మళ్లీ నిండేదాకా పట్టే సమయాన్ని ఒక సైకిల్ అంటాం. కనీసం మూడు సైకిళ్లు గడియారం పెట్టి చూడకుండా ఇల్లు కదలకూడదు. రెండో రోజు మధ్యాహ్నం మొదలుపెడితే, ఒక్కో సైకిల్‌కు నలభై నిమిషాలు అటూ ఇటూగా పట్టింది. మంచి లెక్కే. సాయంత్రానికి మగ్గం గుంట అడుగున మట్టి కనిపించింది. ఆమె గుంటలోకి దిగి, ఉత్త కాళ్లతో ఆ మట్టిని అటూ ఇటూ తొక్కి చూసుకుంది. నేను బస్టాండ్ దగ్గర లాడ్జీకి పోయి పడుకున్నాను.

మూడో రోజు పొద్దున ఆమెతో, పని వివరాలు రాసే జాబ్ కార్డు మీద సంతకం పెట్టించుకుని వనపర్తి బస్సెక్కుదామని వచ్చాను. వచ్చేసరికి పంపు నడుస్తున్నది. ఆగింది. అటు కార్డు రాస్తుండగానే మళ్లీ నడిచింది. గడియారం చూస్తే ఎనిమిది నిమిషాలు. వాన లేదు. భూమిలో ఊట ఒక్క రాత్రిలో అయిదింతలు కాదు. కార్డు పక్కన పెట్టి గోడకు చెవి ఆనించి కూర్చున్నాను. అవతల కుళాయి నీళ్లు తొట్టిలోకి పడే చప్పుడు వినిపించింది. డ్రమ్ములోంచి దోసెడు నీళ్లు తీసి వాసన చూస్తే బ్లీచింగ్ పౌడర్ వాసన. భూమిలో ఊరే నీళ్లకు ఆ వాసన రాదు.

కుళాయి దినం తప్పి దినం వస్తుంది. గోడ అవతల ఇంట్లో నేల కింద నీళ్ల సంప్ ఉందన్నమాట. దానికి ఎక్కడో పగులు ఉంది. సంప్ నిండిన రోజు నీళ్లు పగులు దాటి ఇటు కారతాయి. మట్టం పగులు కిందికి దిగాక కారడం తగ్గుతుంది. తలెత్తి చూస్తే ఇంకో సంగతి కనిపించింది. మగ్గం పైన ఇంటి దూలం ఆ గోడ మీదే ఆని ఉంది, దూలం కింద రాళ్ల సందున కొత్త చీలిక. బురదమట్టి గోడ పునాది రెండేళ్లుగా నానుతున్నది. పంపు ఇటు నీళ్లు లాగే కొద్దీ అటు నుంచి ఇంకా వస్తాయి, మట్టి కూడా కొట్టుకొస్తుంది. నేను బిగించిన పంపే ఆ గోడను పడగొడుతుంది.

శంకరమ్మకు అంతా వివరంగా చెప్పాను. పక్కింటివాళ్లతో మాట్లాడి ఆ పగులు మూయించాలని, నేనే పోయి చెప్తానని అన్నాను. ఆమె చేతిలో నాడెను అటూ ఇటూ తిప్పింది. తర్వాత చెప్పింది. పక్కిల్లు ఆమె అన్న ఈరన్నది. ఒకప్పుడు రెండూ ఒకే ఇల్లు. ఇరవై ఏళ్లు ఆ మగ్గం మీద ఆమె గుంటలో, అన్న పక్కన, ఇద్దరూ కలిసి నేశారు. ఏడేళ్ల కింద నడుమ గోడ పెట్టుకున్నారు. ఆయన తలుపు అవతలి గల్లీలోకి, ఈమె తలుపు ఇవతలికి. అప్పటి నుంచీ మాటలు లేవు.

"నువ్వు ఆ ఇంటికి పోకు నాయినా," అంది. "ఏడేండ్లకు మా ఇంట్లకెళ్లి పోయే మొదటి మాట నీళ్ల పంచాయితి గావద్దు."

గోడ కూలితే ప్రాణానికే ముప్పు అన్నాను. తల ఊపింది గానీ మాట మార్చలేదు. మరి ఇంకో మాట ఏదైనా చెప్పు, అది తీసుకుపోతాను, దాని వెనక నీళ్ల సంగతి నేను చెప్పుకుంటాను అన్నాను. ఆమె ఆలోచించింది. నిజంగానే ఆలోచించింది, పెదవులు రెండుసార్లు కదిలాయి. చివరికి, "ఏముంది చెప్పనీకి," అని నాడె కింద పెట్టింది.

నేను బయటికి వచ్చి గల్లీ చివర నిలబడ్డాను. బస్సు ఎక్కి పోవచ్చు. నా పని పంపు బిగించడం, అది అయిపోయింది. కానీ దూలం కింద కూర్చునే మనిషిని చూసిన తర్వాత కాళ్లు బస్టాండ్ దిక్కు పోలేదు. చుట్టూ తిరిగి అవతలి గల్లీలోకి పోయి ఈరన్న తలుపు కొట్టాను.

ఆయనకు అరవై ఉంటాయి. పొడుగు మనిషి, ముందుకు వంగిపోయాడు. అడుగులు చిన్నగా జరుపుతూ వచ్చి తలుపు తీశాడు. ఆయన కూడా ఒక్కడే ఉన్నాడు. భార్య రాయచూరులో కూతురి కాన్పుకు పోయి నెల దాటిందట. నేను ఎవరో చెప్పి కూర్చుంటే, వద్దంటున్నా చెంబుతో నీళ్లు తెచ్చాడు. చెంబు నా చేతికి వచ్చేసరికి సగమే ఉన్నాయి. కుడి చెయ్యి ఆగకుండా వణుకుతున్నది. ఆ చెయ్యిని రెండో చేత్తో పట్టుకుని ఒళ్లో పెట్టుకున్నాడు.

నీళ్ల సంగతి, గోడ సంగతి చెప్పాను. ఆమె పంపిందా అని అడిగాడు. లేదు, వద్దన్నది, నేనే వచ్చాను అన్నాను. మాట ఆయన గొంతులోనే ఆగిపోతుండేది, వినడానికి నేను దగ్గరికి జరగాల్సి వచ్చింది.

"ఎన్నాళ్ల సంది వస్తున్నయి నీళ్లు?"

"రెండు వానకాలాలు."

"రెండేండ్లు నా నీళ్లల్ల కాళ్లు వెట్టి నేసిందా," అన్నాడు. అది నన్ను అడిగినట్టు లేదు.

ఆ రోజే సంప్ మూత తీసి, నీళ్లు తోడించి, నేను లోపలికి దిగాను. గోడ వైపు నడుముల ఎత్తున అడ్డంగా పగులు. పంపు పనిలో ఇది లెక్కకు రాదు, కానీ నాకు చేతనైన పనే. పగులును ఉలితో వెడల్పు చేసి, నీళ్లు పీల్చని మందు కలిపిన సిమెంటు రెండు పొరలు వేసి, ఆరడానికి వదిలేయాలి. మూడు రోజుల పని. ఆ మూడు రోజులూ ఈరన్న సంప్ అంచున కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. లోపలి నుంచి నాకు ఆయన పాదాలే కనిపించేవి. గోడ అవతల మగ్గం నడుస్తుంటే వినేవాడు. పోగు వేశాక దాన్ని బిగించడానికి కొట్టే చప్పుడు అది. ఒకసారి ఆయనే అడిగాడు, ఆమె ఒక్కతే నేస్తున్నది కదా అని. మీకెలా తెలుసన్నాను.

"దెబ్బకు దెబ్బకు నడుమ ఎడం వస్తుంది తమ్మీ. ఇద్దరు నేస్తే గట్ల రాదు."

రెండో రోజు, ఇద్దరం గోడ నీడన కూర్చుని జొన్నరొట్టె తింటున్నప్పుడు, ఏం జరిగిందో చెప్పాడు. ఏడేళ్ల కింద ఆయన చెయ్యి తప్పడం మొదలైంది. అంచు నాడె జారేది, ముడి తప్పేది. ఒక చీర కొంగు దగ్గర ఖరాబైంది. మాస్టర్ వచ్చి చూస్తున్నప్పుడు, ఆయన ముందరే శంకరమ్మ అన్నది, తాగొచ్చి మగ్గం మీద కూర్చుంటే గిట్లనే అయితది అని. ఈరన్న లేచి చేతులు దులుపుకుని బయటికి పోయాడు. మళ్లీ ఆ మగ్గం దగ్గరికి రాలేదు. నెల తిరగకముందే గోడ లేచింది.

మీరు తాగేవారా అని అడిగాను. ఆయన లోపలికి పోయి ఒక బట్టసంచి తెచ్చి నా ముందు పెట్టాడు. అందులో కర్నూలు దవాఖాన చీటీలు, మాత్రల అట్టలు. నరాల జబ్బు. వణుకు, నడక తగ్గడం, మాట తగ్గడం, అన్నీ దానివేనని డాక్టరు చెప్పాడట. కల్లు చుక్క కూడా తన జన్మలో ముట్టలేదన్నాడు. గల్లీలో అందరూ తాగుడుతోనే చేతులు వణుకుతున్నాయని అనుకుంటారు, అనుకోనీ అన్నాడు. మరి చెల్లెలికైనా చెప్పకపోయారా అంటే ఆయన ముఖం బిగుసుకుంది.

"ఇరవై ఏండ్లు పక్కన కూసున్న. నేను తాగుతనో తాగనో ఆమెకు తెల్వదా? తెల్వకుంటే నేను చెప్పుకోవాల్నా?" చీటీలు సంచిలో పెట్టుకుంటూ మెల్లగా అన్నాడు, "నువ్వు గూడ చెప్పకు తమ్మీ. చెప్పనని మాట ఇయ్యి."

మాట ఇచ్చాను. ఇళ్లల్లో పని చేసేవాళ్లకు ఒక అలవాటు ఉంటుంది. గుంటలోకి దిగితే వాళ్ల వంటిల్లు, వాళ్ల తగవులు, వాళ్ల మందులు అన్నీ కళ్లబడతాయి. చూసింది చూసినట్టు ఆ ఇంట్లోనే వదిలేసి రావాలని నాకు పని నేర్పిన మేస్త్రీ మొదటి రోజే చెప్పాడు. పదకొండేళ్లు అలాగే చేశాను. అదే మర్యాద అనుకున్నాను.

సంప్ ఆరాక కుళాయి వచ్చిన పొద్దున నీళ్లు నింపి, ఇటు వచ్చి డ్రమ్ము పక్కన కూర్చున్నాను. గంట గడిచింది. పంపు కదలలేదు. డ్రమ్ము అడుగున మిగిలిన చెమ్మ తప్ప కొత్త నీళ్లు లేవు. శంకరమ్మ మగ్గం ఆపి నన్నే చూస్తున్నది. నేను పోయానని ఆమెకు తెలుసు, గోడ అవతల ఉలి చప్పుడు మూడు రోజులు విన్నది. అయినా నన్ను తిట్టలేదు. జాబ్ కార్డు మీద వోల్టేజి, ఆంపియర్లు, సైకిల్ సమయం రాసి సంతకానికి ఇచ్చాను. మెల్లగా, అక్షరం అక్షరం కూడబలుక్కుని రాసింది. కార్డు తిరిగి ఇస్తూ, నా ముఖం చూడకుండా అడిగింది.

"ఆ ఇంట్ల అందరు మంచిగున్నరా నాయినా?"

"మంచిగనే ఉన్నరమ్మా," అన్నాను.

సామాను సంచి భుజాన వేసుకుని వచ్చేశాను. ఎర్రవల్లి దాకా బస్సులో నా పక్కన ఎవరూ కూర్చోలేదు. కిటికీలోంచి పత్తిచేలు చూస్తూ పోయాను. పని బాగా చేశాననే అనిపించింది. గోడ నిలబడుతుంది, గుంట ఆరింది, ఇచ్చిన మాట తప్పలేదు. అంతకంటే ఒక మెకానిక్ ఏం చేస్తాడు అనుకున్నాను.

మధ్యలో గద్వాల పని పడలేదు. దాదాపు రెండేళ్లు నాగర్‌కర్నూల్ దిక్కు హాస్టళ్లతోనే గడిచాయి. 2008 ఎండాకాలంలో గద్వాలలో ఒక కొత్త లాడ్జీకి మురుగు పంపు నడిపించి ఇవ్వడానికి పోయినప్పుడు, పని అయ్యాక శంకరమ్మ ఇంటికి పోయాను. ఇ.ఎల్.సి.బి. ఎలా ఉందో చూసినట్టు ఉంటుందని నాకు నేనే చెప్పుకున్నాను. నిజానికి ఆ రెండు ఇళ్లు ఎలా ఉన్నాయో చూడాలనిపించింది. ముందు అవతలి గల్లీ మీదుగానే పోయాను. ఈరన్న తలుపుకు తాళం ఉంది, తాళం మీద దుమ్ము ఉంది.

శంకరమ్మ నన్ను గుర్తుపట్టి చాప వేసింది. పంపు చూశాను. వానలు గట్టిగా పడ్డప్పుడు ఒకటి రెండుసార్లు నడిచిందట, అంతే. మగ్గం మీద చీర లేదు. పడుగు దారాలు మాత్రం ఉన్నాయి, వాటి మీద గుడ్డ కప్పి ఉంది. ఇప్పుడు నేయడం లేదా అంటే, నిన్ననే రాయచూరు నుంచి వచ్చానని చెప్పింది. చెప్పడానికి చాలా ఉన్నట్టు, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియనట్టు, కాసేపు కొంగు చివర మడతలు పెట్టింది.

సంక్రాంతి అయిన తర్వాత వదినె వచ్చి ఈరన్నను కూతురి దగ్గరికి తీసుకుపోయిందట. ఆయన లేచి నడవలేకుండా అయ్యాడు. పోయే రోజు వదినె ఇటు గల్లీలోకి వచ్చి, ఇంటి తాళంచెవి పెట్టుకొమ్మని శంకరమ్మ చేతిలో పెట్టింది. ఏడేళ్లు కాస్తా దాదాపు తొమ్మిదేళ్లు అయిన తర్వాత అది మొదటి మాట. ఏమైంది ఆయనకు అని అడిగితే వదినె ఏడ్చి, ఆ బట్టసంచి విప్పి చూపించింది. చీటీల మీద తారీఖులు ఉన్నాయి. మొదటి చీటీ, మగ్గం దగ్గరి నుంచి ఆయన లేచిపోయిన సంవత్సరానిది.

శంకరమ్మ ఆ వారమే రాయచూరు పోయింది. అప్పటి నుంచీ నెలకోసారి పోతున్నది. ఆయన ఆమెను చూసి గుర్తుపట్టాడు. కళ్లల్లో నీళ్లు వచ్చాయి. నోరు కదిలింది. మాట రాలేదు. కొన్ని నెలల నుంచే మాట పూర్తిగా పోయిందని వదినె చెప్పింది. శంకరమ్మ మంచం పక్కన కూర్చుని, ఆ చెయ్యి పట్టుకుని, ఊళ్లో సంగతులు, మాస్టర్ సంగతులు, ఎవరి మగ్గాలు లేచిపోయాయో చెప్తుందట. ఆయన వింటాడట.

"ఏం అంటున్నడో నాకు సమజ్ గాదు. అందుకే నేనే మాట్లాడుత," అంది.

నేను తల వంచుకుని కూర్చున్నాను. ఆమె గొంతు ఏమీ మారకుండా అడిగింది.

"ఆ ఇంట్ల మూడు దినాలు పనిచేస్తివి గదా. ఆ చెయ్యి చూస్తివా?"

"చూసిన."

"మందులు?"

"చూపిచ్చిండు."

"చెప్పొద్దన్నడా?"

అన్నాడని చెప్పాను. ఆమె తల ఊపింది. ఆ ఇంటికి పోవద్దని తను కూడా నాతో అన్న సంగతి ఆమెకు గుర్తుంది.

"నా మాట దాటి పోతివి గానీ, ఆయన మాట నిలవెట్టినవు నాయినా," అంది.

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. కోపం కూడా లేదు. ఉంటే నాకు ఇంకా నయంగా ఉండేది. లేచి వెనకకు పోయి టీ పెట్టి తెచ్చింది. తాగాను. పంపు చూసినందుకు డబ్బులేమీ తీసుకోలేదు. వచ్చేటప్పుడు గడప దాకా వచ్చి, మళ్లీ వానాకాలం ముందు ఒకసారి చూసి పొమ్మన్నది.

ఆ తర్వాత కూడా నేను చాలా పంపులు బిగించాను. గోడల వెనక నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో కనిపెట్టడంలో నాకు మూడు ఊళ్లల్లో పేరు వచ్చింది. ఆ పేరు నాకు ఆ గద్వాల గోడే ఇచ్చింది. కానీ ఆ పనిలో నేను నేర్చుకున్నది అది కాదు. మనుషులు చెప్పొద్దన్న ప్రతి మాటా దాచమని చెప్పినట్టు కాదని నేర్చుకున్నాను. కొన్ని మాటలు ఎవరో ఒకరు తీసుకుపోతే బాగుండునని ఎదురుచూస్తూనే వద్దంటారు. ఆమె నన్ను అడిగింది. ముఖం చూడకుండానైనా, నోరు తెరిచి అడిగింది. నేను మర్యాదగా మంచిగనే ఉన్నారని చెప్పి బస్సెక్కాను. ఇప్పుడు ఏ ఇంట్లోనైనా అట్లాంటి ప్రశ్న ఎవరైనా అడిగితే, సంచి దించి కూర్చుంటాను. మాట ఇచ్చి ఉన్నా సరే, తెలిసింది చెప్తాను. తిట్లు తిన్న రోజులూ ఉన్నాయి.

చెప్పి ఉంటే ఏమయ్యేదో నాకు తెలియదు. ఆమె వెంటనే గోడ చుట్టూ తిరిగి పోయేదో లేదో, ఆయన తలుపు తీసేవాడో లేదో. కానీ అప్పటికి ఆయనకు ఇంకా ఏడాదికి పైగా మాట ఉంది.